కత్తిని పదును దగ్గర పట్టుకుంటే?

పిల్లలూ! ఈ నెల మీతో ఒక చిన్న తగవు పెట్టుకుందామనుకుంటున్నాను. "పదునున్న కత్తిని పట్టుకుంటే చెయ్యి తెగుతుంది" అని మీరంటారు. మీ అమ్మా అంటుంది, మీ మాస్టారూ అంటారు. అది సగమే నిజం అని నేనంటాను. మిగతా సగం ఏమిటో చెప్పే ముందు ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది చదివి ఎవరూ కత్తి పట్టుకుని చూడకూడదు. ఎందుకు చూడకూడదో చెప్పటానికి నా దగ్గర పుస్తకాల్లో లేని సాక్ష్యం ఒకటి ఉంది. ముందు అదే చెబుతాను.

మాది చిలకలూరిపేటకూ నరసరావుపేటకూ మధ్య నల్లరేగడి ఊరు. పత్తి, మిరప తప్ప కంటికి మరోటి ఆనదు. శివరాత్రి వస్తే ఊరు ఊరంతా కోటప్పకొండ తిరునాళ్ళకు కదిలేది. పెద్దవాళ్ళు ప్రభలు చూడటానికి పోయేవారు, మేము గారడీలు చూడటానికి పోయేవాళ్ళం. నేను ఏడో తరగతిలో ఉన్న ఏడు అక్కడ ఒకాయన చుట్టూ జనం గుమిగూడి ఉన్నారు. ఆయన చేతిలో బారెడు కత్తి. అందరూ చూస్తుండగా ఒక దోసకాయను ఒక్క వేటుకు రెండు చెక్కలు చేశాడు. పదును ఉందని మాకు నమ్మకం కుదిరింది. తరవాత అదే కత్తిని తలకిందులు చేసి, రెండు చేతులతో అలుగునే బిగించి పట్టుకుని, పైకెత్తి, పిడితో ఒక కొబ్బరికాయ మీద కొట్టాడు. కాయ పగిలింది. అరచేతులు చూపించాడు. చుక్క నెత్తురు లేదు!

(కత్తికి పిడి కాక మిగిలిన లోహపు భాగాన్ని అలుగు అంటారు. దానికి పదునుగా ఉండే అంచు వాదర. ఈ రెండు మాటలూ గుర్తుంచుకోండి, ముందు ముందు పని ఉంది.)

"అంతా ఈ తాయెత్తు మహిమ" అన్నాడాయన. పావలాకు ఒకటి చొప్పున అమ్మాడు. మా మేనత్త కొడుకు, నాకు బావ, ఏడాది పెద్దవాడు, తన దగ్గరున్న పావలా పెట్టి ఒకటి కొన్నాడు.

మర్నాడు మిరపకాయలు ఎండబోసిన కళ్ళంలో బావ ఆ తాయెత్తు జబ్బకు కట్టుకున్నాడు. కంచె కొట్టే మచ్చుకత్తి తెచ్చి అలుగును కుడిచేత్తో పట్టుకున్నాడు. ఏమీ కాలేదు. ఇంకా బిగించాడు. అప్పుడూ ఏమీ కాలేదు. మా ఇద్దరికీ ధైర్యం వచ్చింది. "పిడి పట్టుకుని లాగరా" అన్నాడు. నేను లాగాను.

నెత్తురు మిరపకాయల మీద పడింది. మొదట ఏది ఏదో తెలియలేదు. బావను బండిలో పట్నం తీసుకుపోయారు. చర్మం కలిసింది గాని, ఉంగరపు వేలూ చిటికెన వేలూ ఆ తరవాత ముడవలేదు. నన్ను ఎవరూ కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదని చాలా కాలం అనుకున్నాను.

వేళ్ళు ఎందుకు ముడవలేదో మీరే తెలుసుకోవచ్చు. ఎడమచేత్తో కుడి మోచేతి కింది భాగాన్ని పట్టుకుని కుడిచేతి వేళ్ళను ముడిచి తెరవండి. మోచేతి కింద కండ కదులుతోంది కదూ? మన వేళ్ళలో కండరాలు లేవు. వేళ్ళను ముడిచే కండరాల్లో ముఖ్యమైనవి మోచేతికీ మణికట్టుకూ మధ్య ఉన్నాయి. అక్కడి నుంచి స్నాయుబంధనాలు అనే గట్టి తాళ్ళు అరచేతి మీదుగా వేళ్ళ దాకా వస్తాయి. తోలుబొమ్మలాటలో బొమ్మను ఆడించేవాడు తెర వెనక ఉన్నట్టే. వేలి లోపలి వైపు ఈ తాళ్ళు చర్మానికి అతి దగ్గరగా ఉంటాయి. కత్తిని గుప్పిట పట్టినప్పుడు వాదరకు ఎదురుగా ఉండేవి సరిగ్గా అవే.

ఇప్పుడు ప్రశ్న చూడండి. తిరునాళ్ళ మనిషి అలుగు పట్టుకున్నాడు, తెగలేదు. బావ పట్టుకున్నాడు, తెగింది. తాయెత్తు ఇద్దరికీ ఉంది. కాబట్టి తేడా తాయెత్తులో లేదు. ఊళ్ళో చదువుకున్నవాళ్ళు దీనికి ఒక జవాబు చెప్పారు: "వాడి కత్తి మొద్దుది, అంతా మోసం." మరి దోసకాయ ఎలా తెగింది? దానికి జవాబు లేదు. అయినా ఆ మాటే నేను చాలా ఏళ్ళు నమ్మాను. మహిమ అని నమ్మటం ఎంత తేలికో, మోసం అని కొట్టిపారెయ్యటం కూడా అంతే తేలిక. రెండింటిలోనూ కొలవవలసిన పని లేదు.

ఆ తరవాత ఎన్నాళ్ళకో ఒక పుస్తకంలో కొన్ని పాత బొమ్మలు చూశాను. హాన్స్ టాల్‌హోఫర్ అనే జర్మనీ కత్తిసాము గురువు 1467లో తయారు చేయించిన చేతిరాత గ్రంథంలోవి. అసలు ప్రతి మ్యూనిక్ నగరంలోని బవేరియా రాష్ట్ర గ్రంథాలయంలో ఉంది. అందులో ఒక బొమ్మ చూసి కుర్చీలోంచి లేచాను. ఒకడు కత్తిని తలకిందులుగా, రెండు చేతులతో అలుగు దగ్గర పట్టుకుని, పిడితో ఎదుటివాణ్ణి కొడుతున్నాడు. చేతులకు తొడుగు కూడా లేదు! మా కోటప్పకొండ మనిషే ఆ బొమ్మలోకి దూరాడా అనిపించింది.

మొదట నాకు కలిగిన ఆలోచన, నిజం చెప్పొద్దూ, బొమ్మ గీసినవాడికి కత్తి సంగతి తెలియదని. కాని ఆయన ఒక్కడే గీస్తే అలా అనుకోవచ్చు. ఇటలీ దేశపు ఫియోరే దెయి లిబెరి అనే గురువు అంతకు యాభై ఏళ్ళకు పైగా ముందే, 1410 ప్రాంతంలో, తన గ్రంథంలో ఒక చెయ్యి పిడి మీద, రెండో చెయ్యి అలుగు మధ్యన పెట్టి పోరాడేవాళ్ళను బొమ్మల్లో చూపించాడు. ఇంకా ఎందరో గురువులు చూపించారు. జర్మన్లు ఈ పట్టుకు పేరు కూడా పెట్టారు: హాల్బ్‌ష్వెర్ట్, అంటే అరకత్తి పట్టు. తలకిందులు చేసి పిడితో కొట్టే దెబ్బను మోర్డ్‌హౌ అన్నారు, అంటే చంపుదెబ్బ. వేరు వేరు దేశాల్లో, తరాల తరబడి, ప్రాణం మీదికి వచ్చే విద్యను నేర్పినవాళ్ళు అందరూ ఒకే పొరపాటు చేశారనుకోవటం కష్టం. ఈ కాలంలో ఆ గ్రంథాలు చదివి సాధన చేసేవాళ్ళు పదును పెట్టిన కత్తులతోనే ఆ పట్టును చేసి చూపించారు కూడా.

మరి చెయ్యి ఎందుకు తెగదు?

దీనికి మీ వంటింట్లోకి వెళ్ళాలి. అమ్మ కత్తిపీట మీద టమాటా కోసేటప్పుడు చూడండి. కాయను తిన్నగా కిందికి నొక్కితే కాయ అణుగుతుంది, రసం కారుతుంది, తోలు ఒక పట్టాన తెగదు. అదే కాయను కొంచెం ముందుకు జరుపుతూ నొక్కితే? ఇట్టే తెగుతుంది. కత్తి అదే, పదును అదే, బలం ఇంకా తక్కువే. కొత్తగా వచ్చింది ఒక్కటే, జారటం. గడ్డం గీసే మంగలి కత్తిని చర్మం మీద మెల్లగా ఆనిస్తే గాటు పడదు, పక్కకు జరిగితే పడుతుంది. జొన్న చేలో నడిచినప్పుడు ఆకు అంచు చేతికి ఆనితే ఏమీ కాదు, చర్ర్‌మని రాసుకుపోతే గీత పడుతుంది. మీ నోటుపుస్తకం కాగితం అంచు కూడా అంతే. కాగితాన్ని మించిన మెత్తని వస్తువు ఏముంది? అదీ కోస్తుంది, జారితే.

ఇది వంటింటి మాటే కాదు. మద్రాసు ఐ.ఐ.టి.లో చదివి అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పని చేస్తున్న ఎల్. మహదేవన్, ఆయన తోటివారు అగర్ అనే మెత్తని జెల్లీని సన్నని తీగతో కోసి కొలిచారు. ఫలితాన్ని 2012లో ప్రకటించారు. తిన్నగా నొక్కినప్పటి కన్నా, తీగను అడ్డంగా కూడా జరిపినప్పుడు లోపలికి దిగటానికి కావలసిన నొక్కుడు బలం బాగా తగ్గింది. తిన్నగా నొక్కితే మెత్తని వస్తువు మొత్తం అణిగిపోయి బలాన్ని పంచుకుంటుంది. అడ్డంగా లాగితే తీగ ఆనిన చోట వస్తువు సాగి, అక్కడే చిన్న బీట పడుతుంది. ఒకసారి బీట పడిందా, మిగిలిన పని తేలిక. మన చర్మమూ, దాని కింది కొవ్వూ, కండా మెత్తని వస్తువులే.

ఈ ప్రయోగాన్ని మీరు ఇంట్లో చెయ్యవచ్చు. కత్తి అక్కర్లేదు, మనది పత్తి దేశం, దారం చాలు. ఒక గ్లాసు బోర్లించి దాని మీద జున్ను ముక్క గాని, ఉడికిన బంగాళాదుంప ముక్క గాని పెట్టండి. కుట్టుపని దారాన్ని దాని మీదుగా వేసి రెండు కొసలకూ రెండు కాగితపు పొట్లాలు కట్టి వేలాడదియ్యండి. రెండింటిలోనూ సమంగా ఒక్కొక్క గులకరాయి వేస్తూ పోండి. దారం ఎన్ని రాళ్ళకు లోపలికి దిగిందో రాసుకోండి. తరవాత కొత్త ముక్క పెట్టి అందులో సగం రాళ్ళే వెయ్యండి. ఒకవైపు పొట్లం కింద చెయ్యి పెట్టి మెల్లగా కాస్త ఎత్తండి. రెండో పొట్లం దిగుతుంది, దారం జారుతుంది. మళ్ళీ రెండో వైపు ఎత్తండి. మీరు బరువు పెంచలేదు సరికదా, ఎత్తినప్పుడల్లా తగ్గించారు. అయినా దారం ఏం చేస్తుందో చూడండి. రాళ్ళ లెక్క నాకు రాసి పంపండి. జున్నుకూ దుంపకూ తేడా ఎంతో తెలుసుకోవాలని నాకూ ఉంది.

ఇక గుప్పిట సంగతి. కత్తి అలుగుకు రెండు చదును ముఖాలు ఉంటాయి, అంచుల్లో వాదర ఉంటుంది. తెలిసినవాడు పట్టుకున్నప్పుడు వేళ్ళ కొసలు ఒక చదును ముఖం మీద, అరచేతి మడమ రెండో ముఖం మీద బిగుస్తాయి. బలమంతా ఆ చదును ముఖాల మీద పడుతుంది. వాదర చర్మానికి ఆనుతుంది గాని దాని మీద పెద్దగా బరువు పడదు. ఎంత గట్టిగా బిగిస్తే చర్మానికీ లోహానికీ మధ్య ఘర్షణ అంత ఎక్కువ, కత్తి జారటం అంత కష్టం. అంటే మీరు అనుకునేదానికి సరిగ్గా తలకిందులు: ఈ పట్టులో వదులుగా పట్టుకోవటమే ప్రమాదం. పైగా యుద్ధపు కత్తి వాదర మంగలి కత్తి వాదరంత సన్నగా ఉండదు, ఉంటే మొదటి దెబ్బకే విరుగుతుంది. చాలామంది కవచంతో పాటు చేతులకు తోలు తొడుగులూ వేసుకునేవారు.

బావ బిగించి పట్టుకున్నంతసేపు ఏమీ కాలేదని చెప్పాను కదా. ఆ బిగింపు కన్నా నా లాగుడు ఎక్కువైంది. అలుగు జారింది. అంతే.

సరే, తెగదు. కాని ఎందుకు పట్టుకోవాలి? చక్కగా పిడి ఉండగా ఈ తిప్పలు ఎందుకు?

ఎందుకంటే ఎదుటివాడు ఇనుప మనిషి. పదిహేనో శతాబ్దానికి యూరపు యోధులు తల నుంచి పాదం దాకా ఉక్కు రేకులు తొడిగేవారు. మొత్తం కవచం 15 నుంచి 25 కిలోలు తూగేది. రొమ్ము మీది రేకు సుమారు రెండు మిల్లీమీటర్ల మందం. కిలో, కిలోన్నర బరువుండే కత్తితో ఆ రేకును నరకటం జరిగే పని కాదు. గుచ్చటానికి చోటు ఉన్నదల్లా చంకలో, మోచేతి మడతలో, గజ్జల్లో, కళ్ళ ముందరి సన్నని సందులో. అంత చిన్న చోటికి అంత పొడుగు కత్తి మొనను పిడి దగ్గర నుంచి గురి చూసి దూర్చగలరా? ఇంటి ముందు పడి ఉన్న పత్తికట్టె ఒకటి తీసుకోండి. కొస పట్టుకుని, రెండో కొసను గోడకు ఆనించిన సీసా మూతిలో దూర్చి చూడండి. తరవాత కట్టెను మధ్యన కూడా రెండో చేత్తో పట్టుకుని దూర్చండి. తేడా మీకే తెలుస్తుంది.

పొలంలో గునపంతో పని చేసేవాళ్ళకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. పెద్ద గుంట తవ్వేటప్పుడు పైన పట్టుకుంటారు, మొక్క మొదట్లో చిన్న గుంట తియ్యాలంటే చెయ్యి కిందికి జరుపుతారు. కారం దంచే ఆడవాళ్ళు రోకలిని కొస దగ్గర కాదు, నడిమిన పట్టుకుంటారు. కుంతాన్ని, అంటే బల్లెాన్ని, అంతే. అరకత్తి పట్టులో జరిగేది ఇదే: పొడుగు కత్తి పొట్టి కుంతంగా మారిపోతుంది.

లెక్క కూడా చూద్దాం. భయపడకండి, తొమ్మిదో తరగతి లెక్కే. కత్తి మొన వెనక చేతికి 105 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. ఎదుటివాడు ఆ మొనను 5 కిలోల బలంతో పక్కకు నెట్టాడు. వెనక చెయ్యి ఇరుసు. ముందు చెయ్యి పిడి మీదే, 15 సెంటీమీటర్ల దూరంలో ఉంటే అది ఎంత బలంతో ఆపాలి? బలభ్రామకాలు సమానం కావాలి కాబట్టి, 5ను 105తో గుణించి 15తో భాగించండి. 35 కిలోలు! అదే ముందు చెయ్యి అలుగు మీద 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే? తొమ్మిది కిలోలు కూడా లేదు. ఒక చెయ్యి జరిపినందుకు నాలుగింతల లాభం. ప్రాణం పణంగా ఉన్నప్పుడు నాలుగింతలు అంటే మాటలా?

తలకిందులు దెబ్బకు కారణం వేరు. కత్తి బరువు ఎక్కువ భాగం పిడి వైపు ఉంటుంది. కొస బరువైతే కత్తి చేతికి లొంగదు గనక కమ్మరులు అలా చేస్తారు. పిడి చివర ఒక లోహపు గుండు, పిడికీ అలుగుకూ మధ్య అడ్డంగా ఒక కడ్డీ. ఇటువంటి కత్తిని తిరగేసి పట్టుకుంటే మీ చేతిలో ఉన్నది ఏమిటి? సుత్తి. రేకును నరకలేకపోయినా సొట్ట పెట్టగలదు, లోపలి తలను దిమ్మెక్కించగలదు. కోటప్పకొండ మీద కొబ్బరికాయ పగిలింది కూడా ఈ లెక్కనే.

ఇది పరదేశపు ముచ్చట మాత్రమే అనుకోకండి. మన దేశంలో ఖండా అనే కత్తి ఉంది. తిన్నగా, వెడల్పుగా, మొన వైపు ఇంకా వెడల్పై ఉంటుంది. దాని ఒక అంచుకు చాలా దూరం వరకు బలం కోసం లోహపు పట్టీ వేస్తారు. ఆ పట్టీ వల్ల వేటుకు బరువు వస్తుంది, కావాలంటే రెండో చేతిని ఆ అంచు మీదే ఆనించవచ్చు. పిడి చివర నుంచి ఒక శూలంలాంటి కడ్డీ పొడుచుకొస్తుంది. రెండు చేతుల వేటు వేసేటప్పుడు రెండో చెయ్యి దాని మీదికి పోతుంది. యూరపు గురువులు పట్టులో చేసిన పనిని మన కమ్మరులు కత్తిలోనే చేసి ఇచ్చారు. ఏది మెరుగు అంటే, నా ఓటు కమ్మరికే. శిష్యుడి చేతి బిగింపు మీద ఆధారపడకుండా, పనిముట్టే చేతిని కాపాడుతోంది. కటారు చూడండి, పిడి అలుగుకు అడ్డంగా ఉంటుంది, గుద్దినట్టు పొడవటానికి. ప్రతి ఆయుధమూ చెయ్యి ఎక్కడ ఉండాలి అనే ప్రశ్నకు ఒక జవాబే.

కాని ఆ ప్రశ్న మనం అడుగుతున్నామా? నా ఫిర్యాదు ఇక్కడే. పల్నాటి యుద్ధం 1182 ప్రాంతంలో కారంపూడిలో జరిగిందని మీరు చదివారు. నలగామరాజు, మలిదేవుడు, బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు, పేర్లన్నీ మీకు కంఠతా వచ్చు. కారంపూడి వీరుల గుడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు ఉత్సవాలు జరుగుతాయి, వీరుల ఆయుధాలకు పూజలు చేస్తారు. నేనూ వెళ్ళి చూశాను. వేలమంది దణ్ణం పెట్టుకుంటున్నారు. దణ్ణం పెట్టుకోవటం వాళ్ళ ఇష్టం, దానికి నేను అడ్డు చెప్పను. కాని ఆ తిరునాళ్ళకు వచ్చిన ఇస్కూలు పిల్లల్లో ఒక్కడైనా "ఈ కుంతాన్ని ఎక్కడ పట్టుకునేవారు? బరువెంత? వేలి మీద నిలబెడితే ఎక్కడ తూగుతుంది?" అని అడగ్గా నేను వినలేదు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ఉంది. అక్కడికి వెళ్ళిన పిల్లలు "ఇది ఎవరిది?" అంటారు. ఏ రాజుదో తెలిస్తే చాలు, ముందుకు కదులుతారు. నేను చూసిన మ్యూజియాల్లో చాలా చోట్ల చీటీల మీద పేరూ శతాబ్దమూ ఉంటాయి గాని బరువు ఉండదు, తూకపు చోటు ఉండదు. ఆ రెండు అంకెలూ రాసి పెడితే ఆరో తరగతి పిల్లవాడు కూడా ఆ కత్తి నరకటానికా, పొడవటానికా అని ఆలోచించగలడు. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు, ఒక త్రాసు చాలు.

"పిల్లలకు కత్తుల కబుర్లు ఎందుకండీ, చెడిపోతారు" అని కొందరు పెద్దలు అనవచ్చు. మా జిల్లాల్లో పిల్లలకు కత్తులు కబుర్లలో కాదు, చేతుల్లోనే ఉన్నాయి. సెలవుల్లో కొడవలి పట్టేది వాళ్ళే, గేదెకు జొన్నచొప్ప కొట్టేది వాళ్ళే, వంటింట్లో కత్తిపీట ముందు కూర్చునేది వాళ్ళే. "జాగ్రత్త, పదును!" అని మాత్రం చెప్పి వదిలేస్తే వాళ్ళు కత్తి పదునును చూసి భయపడతారు, జారటాన్ని చూసి భయపడరు. కింద పడుతున్న కత్తిని పట్టుకోబోతారు. కడిగిన కత్తిని వాదర వెంట వేళ్ళతో తుడుస్తారు. తడి చేతులతో కొడవలి పడతారు. ఒకరు అందిస్తున్న కత్తిని, వాళ్ళు వదలకముందే ఇవతలి నుంచి లాగుతారు. ఇవన్నీ జారటాలే. చేతి నుంచి చేతికి ఇవ్వకుండా కత్తిని నేల మీద పెడితే తీసుకోవాలని మా అమ్మమ్మ పట్టుబట్టేది. ఇస్తే తగవులు వస్తాయని ఆమె కారణం. కారణం సంగతి ఎలా ఉన్నా, పద్ధతి మాత్రం మంచిదే.

ఒకటి ఒప్పుకోవాలి. యూరపు గురువుల శిష్యుల చేతులు ఎన్నడూ తెగలేదని నేను చెప్పటం లేదు. ఆ బొమ్మల్లోనే ఒకడి కత్తిని ఇంకొకడు పట్టుకుని గుంజేవి ఉన్నాయి. కవచంలో ఉన్నవాడు చంకలో పొడుపు తినటం కన్నా అరచేతిలో గాటును మేలనుకుంటాడు. మచ్చుకత్తితో కళ్ళంలో నిలబడ్డ పిల్లవాడికి అలాంటి అవసరం ఏముంది?

పోయిన ఏడు మిరప కోతల్లో మా ఊరు వెళ్ళినప్పుడు ఆ టాల్‌హోఫర్ బొమ్మ అచ్చు ఒకటి తీసుకుపోయాను. బావ ఇప్పుడు మనవల్ని ఎత్తుకుంటున్నాడు. ఎకరం మిరప ఇంకా తనే చూసుకుంటాడు, కాయలు బొటనవేలూ మరి రెండు వేళ్ళతో తెంపుతాడు, నాకన్నా వేగంగానే. జారటం, ఘర్షణ, బలభ్రామకం అంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. బొమ్మను దూరం పెట్టి, దగ్గర పెట్టి చూశాడు. చివరికి ఆ ముడవని చిటికెన వేలితోనే బొమ్మలో కత్తి పట్టుకున్నవాణ్ణి చూపించి అన్నాడు:

"వీడు తెలివైనవాడురా. పిడి బామ్మర్ది చేతికి ఇవ్వలేదు."